బూట్లరాయుడు

కొండెక్కడానికి బయల్దేరిన ఏ గుంపులోనైనా ముఖం చూడకుండా కాళ్ళు చూసి పలకరించేవాడు ఒకడుంటాడు. మనం బండి దిగి, ఒళ్ళు విరుచుకుంటూ టీ ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటాం. ఆయన చూపు అప్పటికే మన మోకాళ్ళు దాటి కిందికి దిగిపోయి ఉంటుంది. "ఇవి వాకింగు షూసండీ," అంటాడు, గొంతు బాగా తగ్గించి, పక్కనున్న మన భార్యకు వినపడితే బాగుండదన్నట్టు.

ఈయనే బూట్లరాయుడు. హైదరాబాదులో ఏ అపార్టుమెంటులో వెతికినా ఒకడు దొరుకుతాడు. ఉండేది నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోతే అది బాగయ్యేదాకా వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఓపిగ్గా పేపరు చదువుతాడు. ఆయన బూట్లు మాత్రం హిమాలయాలకి తయారుచేసినవి. బావమరిది డల్లాస్ నుంచి సూట్‌కేసులో పెట్టుకొచ్చాడు. ఖరీదు అడిగితే డాలర్లలోనే చెబుతాడు. రూపాయల్లోకి మారిస్తే ఇంట్లో ఇబ్బంది. ఆ బూట్లు వచ్చిన అట్టపెట్టెలోనే, తేమ పీల్చే పొట్లంతో సహా, పాలిథీన్ కవరు చుట్టుకుని అటకమీద కాపురముంటాయి. ఏటా ఆయుధపూజనాడు కిందికి దించి తుడుస్తాడు. ఒకసారి బొట్టు కూడా పెట్టబోతే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

రాయుడి దగ్గర జ్ఞానానికి లోటు లేదు. బూట్లు సాయంత్రం పూట కొనాలంటాడు, పొద్దంతా నడిచిన కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది కనక. సైజు ఒక అర పెద్దది తీసుకోవాలి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు ముందు అంచుకు కొట్టుకుని నల్లబడుతుంది. నూలు మేజోళ్ళు వద్దు, చెమటకు తడిసి బొబ్బలు తెప్పిస్తాయి. మడమ కదలకుండా ఉండాలంటే లేసును పైరంధ్రంలోంచి మెలిపెట్టి బిగించే పద్ధతి ఒకటుంది. ఇందులో ఒక్కటంటే ఒక్కటి తప్పు కాదు. ఈయనతో వచ్చిన చిక్కే అది. తప్పుడు మాటలు చెప్పేవాడైతే కొట్టిపారేయొచ్చు. అన్నీ నిజాలే చెప్పేవాణ్ణి, అందులోనూ ఎక్కుడు దారిలో, ఏం చేస్తాం?

ఒకసారి ఇలాంటి రాయుడొకడితో మేము అహోబిలం వెళ్ళాం. ఎగువ అహోబిలం దాటి, భవనాశిని ఒడ్డున జ్వాలా నరసింహస్వామి వైపు ఎక్కుతున్నప్పుడు రాయుడు చరిత్ర అందుకున్నాడు. 1935లో ఆల్ప్స్ కొండల్లో వాతావరణం తిరగబడి ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారట. వాళ్ళతో వెళ్ళిన విటాలే బ్రమాని అనే ఇటలీ ఆయన, ఆ కాళ్ళకి సరైన బూట్లు లేకనే ఇలా అయిందనుకుని, టైర్ల కంపెనీ సాయంతో గళ్ళుగళ్ళుగా పట్టు ఉండే రబ్బరు సోలు చేయించాడు. 1937లో పేటెంటు. 1954లో ఇటలీ వాళ్ళు కె2 శిఖరం మొదటిసారి ఎక్కినప్పుడు కాళ్ళకింద ఉన్నది ఆ సోలే. కథ బాగానే ఉంది. కాకపోతే రాయుడు దాన్ని విడతలుగా చెబుతాడు. విడతకొకసారి ఆగాలి, ఆగితే బండమీద కూర్చోవాలి, కూర్చుంటే నీళ్ళు తాగాలి. కె2 చేరేసరికి పట్టుచీర గోచీ బిగించిన ఒక పెద్దావిడ వట్టి కాళ్ళతో మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. చేతిలో ఒక జత హవాయి చెప్పులు. ఎడమదాని పట్టీకి పిన్నీసు.

గుడి దగ్గర బూట్లు విప్పాల్సి వచ్చింది. మడమ బిగింపు మెలికలు విప్పడం కూడా ఒక శాస్త్రమే అని ఆవేళ తెలిసింది. మేము దర్శనం చేసుకుని వచ్చేసరికి రాయుడు రెండో కాలు మీద ఉన్నాడు.

అసలు ఘట్టం ఉగ్రస్తంభం దారిలో జరిగింది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనని నమ్మకం. అక్కడికి చేరాలంటే జ్వాల దాటాక రాళ్ళు పట్టుకుని నిట్టనిలువుగా ఎక్కాలి. రాయుడు ముందు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆయన కుడికాలు ముందుకెళ్ళింది, సోలు అక్కడే ఉండిపోయింది. ఊడలేదు పూర్తిగా. ముందువైపు నోరు తెరిచి, మడమ దగ్గర వేళ్ళాడుతూ, అడుగుకొకసారి చప్పట్లు కొడుతోంది. పైతోలు నిగనిగలాడుతోంది, కుట్టు ఒక్కటి పోలేదు. కానీ తోలుకీ రబ్బరుకీ మధ్యనుండే మెత్తటి పొర, వేలితో తాకితే మైసూరుపాకులా పొడిపొడిగా రాలిపోతోంది.

మామూలు మనిషైతే బావమరిదిని తిడతాడు. రాయుడి ముఖం వెలిగిపోయింది.

"హైడ్రాలసిస్!" అన్నాడు.

అని, ఆ ఏటవాలు బండమీద ఒంటికాలిపై నిలబడే, పాఠం మొదలుపెట్టాడు. బూటు నడుమ ఉన్నది పాలీయురిథేన్. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి అందులోకి దిగి, ఆ పదార్థాన్ని పట్టి ఉంచే బంధాలను ఒక్కొక్కటే తెంపేస్తుంది. వేడి తోడైతే ఇంకా త్వరగా. బూటు వేసుకోకపోయినా ఈ పని ఆగదు. గాలాడని పెట్టెలో మూసిపెడితే మరీ అధ్వాన్నం. అప్పుడప్పుడూ తొడుక్కుని నడిచి, ఆరబెట్టి, గాలి తగిలేచోట పెట్టుకున్న బూటే ఎక్కువకాలం ఉంటుంది. పైకి చూస్తే కొత్తదే, లోపల ముసలితనం.

"ఇవన్నీ ముందే తెలుసా?" అని మాలో ఒకడు అడిగాడు.

"తెలియకపోవడమేమిటండీ! దీనిమీద నేను అపార్టుమెంటు గ్రూపులో పెద్ద మెసేజే పెట్టాను."

ఉగ్రస్తంభం చూసి కిందికి దిగుతున్న ఆ పెద్దావిడే మా దగ్గర ఆగింది. "ఏం నాయనా, చెప్పు తెగిందా?"

"తెగలేదమ్మా, డీలామినేట్ అయింది."

"అయ్యో పాపం. ఎన్నాళ్ళనుంచి?"

రాయుడు మరమ్మతు సంచి తీశాడు. అందులో లేనిది లేదు. వెండిరంగు టేపు తీసి, ఆసుపత్రిలో కట్టు కట్టినంత శ్రద్ధగా బూటు చుట్టూ చుట్టాడు. తడి, మట్టి ఉన్న రబ్బరుకి టేపు అంటదు. అంటినా కింద రాయి దాన్ని గీకిపారేస్తుంది. ఈ సంగతి కూడా ఆయనకు తెలుసు, చుడుతూనే చెప్పాడు. టేపు పదడుగులు కూడా రాలేదు. తర్వాత ప్లాస్టిక్ బిగింపు పట్టీలు వేశాడు. అవి సోలును పట్టుకున్నాయి గాని, నున్నటి పట్టీల మీద కాలు బండపై జారడం మొదలైంది. ఇటలీ పట్టు అంతా ప్లాస్టిక్ కింద పోయింది.

మాకు దారి చూపిస్తున్న కుర్రాడు అంతసేపూ కర్రమీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. వాడి కాళ్ళకీ హవాయి చెప్పులే.

"అది ఇడ్సిపెట్టండి సార్, రాయికి ఆగదు," అంటూ కూర్చుని, రాయుడి సంచి వాన కవరుకున్న నైలాను తాడు లాగేశాడు. "మడమ ముందర సందు ఉండాది చూడండి, దాంట్లోంచి తియ్యల్ల. చీలమండ చుట్టూ తిప్పి, మళ్ళా ముందు వేళ్ళ కాడికి తేవల్ల. ముడి పైనే యెయ్యల్ల. కిందేస్తే నాలుగడుగులకే తెగుతాది." రెండు నిమిషాల పని. సోలు నోరు మూసుకుంది.

రాయుడు దాన్ని నాలుగువైపులా పరీక్షించి, "ఫిగర్ ఆఫ్ ఎయిట్ లాషింగ్," అని ధ్రువీకరించాడు.

కుర్రాడు ఆయన ఎడమకాలి వైపు చూశాడు. "దానికీ కట్టల్ల సార్."

"దానికేం? శుభ్రంగా ఉంది."

"రెండూ ఒకే దినం కొన్నారు గదా?"

ఎడమ సోలు జ్వాల దగ్గరి మెట్లమీద ఊడింది. అది పూర్తిగానే వచ్చేసింది, పొదలో పడితే వెతికి తేవాల్సి వచ్చింది. ఈసారి తాడు లేదు. ఒకరి లుంగీ అంచు చింపి కట్టాం. ఎవరి లుంగీ అన్నది ఇక్కడ అప్రస్తుతం. దిగువకి వచ్చేదాకా ఎదురైన ప్రతి గుంపుకీ రాయుడు కాలు ఎత్తి చూపించి, అత్యవసర సమయంలో తాడు ఎక్కడినుంచి తీయాలో, ముడి ఎందుకు పైన వేయాలో వివరించాడు. ఇద్దరు ముగ్గురు ఫోటోలు కూడా తీసుకున్నారు. దారి చూపిన కుర్రాడు ఆ ఫోటోల్లో లేడు; వాడు రాయుడి సంచి మోస్తూ ముందు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారం ఆయన కొత్త బూట్లు కొనడానికి తోడు రమ్మంటే వెళ్ళాను. సాయంత్రం పూటే వెళ్ళాం. రాయుడు బూటు నాలుక వెనక్కి మడిచి, లోపలి చీటీమీద తయారైన నెల వెతికి, షాపు కుర్రాణ్ణి నిలబెట్టి హైడ్రాలసిస్ మొత్తం చెప్పాడు. గోదాములో పాతబడ్డ సరుకు తనకి అంటగట్టొద్దన్నాడు. మూడు జతలు తిప్పి పంపి, నాలుగోది ఒప్పుకున్నాడు. కుర్రాడు మర్యాదగా, "తొడుక్కుని అలా నాలుగడుగులు నడవండి సార్, ఈ వాలు మీద చూసుకోవచ్చు," అన్నాడు.

"వద్దు వద్దు, మాసిపోతాయి," అన్నాడు రాయుడు. "పెట్టెలో పెట్టెయ్. పాలిథీన్ కవరుంటే అది కూడా చుట్టు."