నా ఉమ్ములో ఏముంది?

వనపర్తి శివారులో ఒక చింతచెట్టు నా ఇల్లు. పగలంతా తలకిందులుగా వేలాడతాను. ఎండ ముదిరితే రెక్కలనే విసనకర్రలా ఊపుకుంటాను. మామిళ్ల కాలంలో చీకటి పడగానే కొల్లాపూర్ తోటల వైపు ఎగురుతాను. అక్కడి పండు గురించి మనుషులు చెప్పుకునేదంతా నిజమే. వాళ్లకంటే ముందు రుచి చూసేది నేనే కదా! రసం మింగి పిప్పి ఉమ్మేస్తాను.

ఇప్పుడు అందరి కన్నూ ఆ ఉమ్ము మీదే. 2018లో కోళికోడ్‌లో నిపా వైరస్ రేగాక మా మీద అనుమానం మరీ పెరిగింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వాళ్లు పలు రాష్ట్రాల్లో మావాళ్లను పట్టి, గొంతులోనూ మలద్వారంలోనూ పుల్లలు తిప్పి నమూనాలు తీశారు. కేరళ, తమిళనాడు, పుదుచ్చేరి, హిమాచల్ ప్రదేశ్ గబ్బిలాల్లో కరోనా కుటుంబపు వైరస్ కనిపించిందని 2020లో ప్రకటించారు. మనుషుల్ని పట్టి పీడించింది అది కాదు. తెలంగాణ నమూనాల్లో ఏమీ దొరకలేదు. సంబరపడకండి. వైరస్ మా ఒంట్లోంచి ఏడాది పొడవునా ఒకే తీరున బయటపడదు. ఆ వేళకు పుల్ల తిప్పినవాడికే చిక్కుతుంది.

వైరస్ ఉన్నా మాకు జబ్బు చేయదేమని అడుగుతారు. ఎగిరేటప్పుడు మా ఒళ్లు జ్వరం వచ్చినంతగా కాగుతుంది. రోజూ ఆ వేడిని ఓర్చుకునే శరీరం వైరస్‌ను చూసి గగ్గోలు పెట్టదని కొందరు శాస్త్రవేత్తల ఊహ. మీకు ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు ఆ గగ్గోలే.

బంగ్లాదేశ్ సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. అక్కడ ఈత చెట్టు గీత దగ్గర మావాళ్లు కారే రసం నాకుతారు, లొట్టిలో ఉచ్చ కూడా పోస్తారు. తెల్లవారి ఆ పచ్చి రసం తాగినవాళ్లకు నిపా సోకింది. గద్వాల, నాగర్‌కర్నూలు పల్లెల్లో గీసేదీ అదే ఈదు. లొట్టి దారి మాకూ తెలుసు. బంగ్లాదేశ్‌లో గీత చుట్టూ వెదురు తడక కట్టి చూశారు. మా నాలుక అందలేదు. అంతకంటే చవకైన మందు నేనెరగను.

ఇక్కడ మాత్రం కొందరికి గొడ్డలే గుర్తొస్తుంది. ఆస్ట్రేలియాలో హెండ్రా వైరస్ మీద పాతికేళ్ల లెక్కలు తీస్తే, అడవి పోయి తిండి కరువై మావాళ్లు ఊళ్లకు చేరాకే గుర్రాలకు జబ్బు ఎక్కువగా పాకిందని తేలింది. మా చింతచెట్టు పక్క చేనులో ఈమధ్యే ప్లాట్ల రాళ్లు పాతారు. చెట్టు కొట్టేస్తే మేం వచ్చేది మీ పెరట్లో జామచెట్టు మీదికే.