సిగ్నలు దగ్గర సమరచక్రములు

హైదరాబాదు నగరమునకు పడమట, కోకాపేట మొదలు జూబిలీహిల్సు వరకు వ్యాపించిన భాగ్యవంతుల మండలమున, ఈ నడుమ నొక నూతన మతము ప్రబలినది. నేలకు జానెడెత్తున పొట్టయు, వీథినంతయు మేలుకొలుపగల కంఠమును, ఇద్దరికి మాత్రమే సుఖాసనమును గల స్పోర్ట్స్ కారును దినదినము ఆఫీసునకు తోలుకొనిపోవు గృహస్థుడు, దాని టైర్లు అరిగినపుడు, రేసు ట్రాకుకై పుట్టిన టైర్లనే కొని తొడిగింపవలయుననియు, అంతకు ఒక్క మెట్టు తగ్గినను అది ఆ వాహనమునకు అవమానమనియు, ఆ అవమానము క్రమముగా యజమానికిని సంక్రమించుననియు ఆ మతసారము. ఈ మతస్థులు అజ్ఞులు కారు. ఇంటి అప్పుపై వడ్డీ పావు శాతము పెరిగినచో బ్యాంకు మేనేజరుతో వాదమునకు దిగువారు, కూరగాయల సంచిలో కొసరుగా రావలసిన కొత్తిమీర రాకున్న సహింపనివారు. అట్టి గణితకోవిదులు నాలుగు రబ్బరు చక్రముల యెదుట నిలిచినంతనే గణితమును గుమ్మము వెలుపల విడిచి భక్తులగుటయే ఈ వ్యాసమునకు ప్రేరణ.

మర్యాదకొఱకు వీరిని రథికులందము. రథికుని దినచర్య యెట్టిదో విచారింతము. ఉదయము ఇల్లు వెడలి, కాలనీ గేటు దగ్గరి స్పీడు బ్రేకరును, నిద్రించు పసిబిడ్డను ఉయ్యాలలో పరుండబెట్టు తల్లి యంతటి జాగ్రత్తతో, ఏటవాలుగా, ఊపిరి బిగబట్టి దాటి, బయోడైవర్సిటీ కూడలిలో పచ్చదీపము తనవంతు రాకమునుపే ఎఱ్ఱబడుటను పలుమార్లు తిలకించి, దుర్గము చెరువు తీగల వంతెనపై క్షణకాలము తన యంత్రమునకు గొంతు సవరించుకొను నవకాశమిచ్చి, వెంటనే ఒక నీళ్ల ట్యాంకరు వెనుక నిలిచి, దాని తూము నుండి కారు నీటితో తన బానెట్టునకు అభిషేకము చేయించుకొని అతడు కార్యాలయము చేరును. ఈ యాత్రలో అతని ప్రధానశత్రువు ఎదురుదెసలో వచ్చు ఆటో. ప్రధానవిజయము పార్కింగు స్థలము దొరకుట. ఇంతమాత్రమునకు ట్రాకు టైరు కావలెనట!

వారాంతమున రింగు రోడ్డు కలదు గదా యని వారి సమాధానము. కలదు, నగరమును చుట్టివచ్చిన 158 కిలోమీటర్ల ఆ రహదారిపై గరిష్ఠవేగము గంటకు 120 కిలోమీటర్లని ప్రభుత్వము నిర్ణయించినది. టైరు ప్రక్కభాగమున పరిమాణపు అంకెల తుదనుండు ఆంగ్లాక్షరము దాని వేగార్హతను తెలుపును: హెచ్ అన్న 210, వీ అన్న 240, డబ్ల్యూ అన్న 270, వై అన్న 300 కిలోమీటర్లు. కారు చేసినవారు వై అని విధించిరేని వై అర్హతగల టైరునే కొనవలయును. దానిని తగ్గించుమని ఎవ్వరును సలహా యీయరాదు. కాని ఆ వై అక్షరము వానలోను ఎండలోను నడువదగిన రోడ్డు టైర్లపైనను సులభముగా దొరకును. 120 దాటరాని బాటపై 300 అర్హత చాలదనియు, దానికి పైగా ట్రాకుపై కాలపరీక్షలు నెగ్గిన రబ్బరే కావలయుననియు వాదించు రథికుడు, ఆ మిగిలిన 180 కిలోమీటర్లను ఎచ్చట వ్యయపఱుపదలచెనో ట్రాఫిక్ పోలీసువారికి ముందుగా విన్నవించుట మేలు.

ట్రాకు టైరు చెడ్డదని నా వాదము కాదు. అది తనకు విధింపబడిన ధర్మమును చక్కగా నెఱవేర్చును. దాని రబ్బరు మెత్తన. మలుపు వెంట మలుపుగా నలిగి, వేడెక్కి, జిగురుదేరినపుడే దాని పట్టు వికసించును. సిగ్నలు నుండి సిగ్నలునకు పాకు బండిలో ఆ వేడి దానికి లభింపదు. లభింపనందున, ఎంతో వెలపోసి కొన్న ఆ పట్టు టైరులోనే నిద్రించుచుండును, అరుగుదల మాత్రము మేలుకొనియుండును. పైగా దాని ట్రెడ్డు పలుచన. సాధారణపు వేసవి టైరు కొత్తలో సుమారు 8 మిల్లీమీటర్ల లోతుగల గాళ్లతో వచ్చును. ట్రాకు జాతి టైరు అయిదారింటితోనే జన్మించును. మన దేశపు మోటారు వాహన నియమముల ప్రకారము 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో కారు నడుపరాదు. కావున పుట్టుకకును చట్టబద్ధమైన మరణమునకును నడుమ ఈ జీవికి గల ఆయుర్దాయము ఎంత స్వల్పమో కొత్తిమీరకై పోరాడిన పెద్దమనిషియే లెక్కించుకొనవచ్చును.

ఈ లెక్క చెప్పినంతనే రథికుడు టైరుపై ముద్రితమైన ట్రెడ్‌వేర్ సంఖ్యను ప్రమాణముగా చూపును. 200 అని యుండిన అది శౌర్యచిహ్నము. 400 అని యుండిన అది వార్ధక్యచిహ్నము. ఈ సంఖ్య యెట్లు పుట్టునో తెలిసినచో భక్తి కొంత సడలును. అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున శాన్ ఆంజెలో చుట్టునున్న రహదారులపై 7,200 మైళ్లు నడిపి, ప్రమాణముగా పెట్టుకొన్న ఒక టైరుతో అరుగుదలను పోల్చి, ఆ ప్రమాణమును 100 అనుకొని, టైరు చేసిన సంస్థయే తన టైరునకు తాను సంఖ్య నిర్ణయించుకొనును. అది అరుగుదలకు కొలత. పట్టునకు కొలత కాదు. ఒక సంస్థవారి 200నకును మఱొక సంస్థవారి 200నకును చుట్టరికము కలిగితీరవలెనను నియమమును లేదు. విద్యార్థియే తన పత్రమును తాను దిద్దుకొని తెచ్చుకొన్న మార్కులను చూచి మనవారు పిల్లనిచ్చుచున్నారు!

ఇక వర్షఋతువు. ట్రాకు టైరుల ప్రభావమును వర్ణించు రథికులు ఏలనో మార్చి నెలలోనే మాటలాడుదురు, ఆగస్టులో మౌనవ్రతము పూనుదురు. రోడ్డుపై నిలిచిన నీటిని గాళ్లగుండ ప్రక్కలకు నెట్టివేసి నేలను తాకుటయే టైరు యొక్క పరమధర్మము. అది చేయలేనపుడు నీరు చక్రమును పైకెత్తును, స్టీరింగు తేలికపడును, బ్రేకు వేసినను బండి తన దారిని తాను పోవును. విమానచక్రములను పరీక్షించిన నాసా పరిశోధకులు 1960ల నాటికే చక్రమిట్లు నీటిపై తేలు వేగము టైరులోని గాలి ఒత్తిడిపై ఆధారపడునని సూత్రీకరించిరి. 32 పౌండ్ల గాలిగల నున్నని టైరు, తగినంత నీరు నిలిచినచో, ఆ సూత్రము చొప్పున గంటకు 94 కిలోమీటర్ల దగ్గర తేలిపోవును. రింగు రోడ్డు పరిమితికి అది లోబడియే యున్నది. గాళ్లు లోతైనకొలది ఈ గండము దూరమగును, పలుచనైనకొలది చేరువయగును. ఆ టైర్లను చేసినవారే నిలువనీటిలో వేగము తగ్గించుడని హెచ్చరించుచుండగా, కొన్నవారు మాత్రము ఆ హెచ్చరికను వినయోక్తిగా భావించుచున్నారు.

దీనికి తోడు ఒక చారిత్రకసత్యమును రథికుల సమక్షమున నివేదింపవలసియున్నది. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగరము ఒడ్డున ఫార్ములా ఈ పందెము జరిగినది. ఫ్రెంచి చోదకుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. గంటకు 320 కిలోమీటర్లు పోగలవని చెప్పబడు ఆ విద్యుద్రథములకు కొరియా దేశపు హ్యాంకూక్ సంస్థ తొడిగినది గాళ్లుగల, ఎండకును వానకును ఒక్కటియైన టైరు. లోకవిఖ్యాతులైన పందెగాండ్రు మన ఊరి రోడ్డుపై, మన యెదుట, సర్వకాలపు టైర్లతో పందెమాడి పోయిరి. వారిని చూడ టిక్కెట్టు కొని వెళ్లివచ్చిన మనవాడు మఱునాడు ఖైరతాబాదు ఫ్లైఓవరు ఎక్కుటకు అంతకంటె భీకరమైన టైరు కావలెననుచున్నాడు. ఇంతకు మించిన ఆత్మవిశ్వాసము భారతయుద్ధమున గూడ కానరాదు.

భారతము మాట వచ్చినది గనుక చెప్పుదును. కర్ణునకు విజయమను ధనుస్సుండెను, పరశురాముని యొద్ద నేర్చిన అస్త్రవిద్య యుండెను; తుదకు అతని గతి నిర్ణయించినది నేలలో క్రుంగిన రథచక్రము. చక్రము యొక్క యోగ్యత చదునైన నేలపై, మంచి దినమున తేలదు. చెడ్డ నేలపై, చెడ్డ ఘడియలో తేలును. ఆ కర్ణునికి శల్యుడొక్కడే సారథి. మన రథికునకో, ప్రతి స్నేహితుడును శల్యుడే. ఆ శల్యుడు యోధుని నిరుత్సాహపఱచి చెఱచెను, ఈ శల్యులు ఉత్సాహపఱచి చెఱచుచున్నారు. “నీ కారు స్థాయికి ఆ టైరేమిటన్నా!” అను ఒక్క వాక్యమునకు ఎందఱు సంసారుల బోనసులు ఆహుతియైనవో!

ఈ శల్యులు బోధించు రెండవ సూత్రము వెడల్పు. కంపెనీ యిచ్చిన దానికంటె ఒకటి రెండు మెట్లు వెడల్పైన టైరు, దానికి పెద్ద రిమ్ము, ఆ రెంటికిని నడుమ కాగితమంత ప్రక్కగోడ. వెడల్పు పెరిగిన నేలను తాకు వైశాల్యము కూడ అదే నిష్పత్తిలో పెరుగునని వారి విశ్వాసము. 1,600 కిలోల కారు ఒక్కొక్క చక్రముపై సుమారు 400 కిలోలు మోపును. టైరులోని గాలి చదరపు సెంటీమీటరునకు రెండుంబావు కిలోల చొప్పున మోయును. భాగించి చూడుడు, సుమారు 178 చదరపు సెంటీమీటర్లు, అనగా ఒక అరచేయి వచ్చును. గాలి ఒత్తిడి మారనంతవఱకు వెడల్పు పెంచిన ఆ అరచేయి ఆకారము మారును గాని విస్తీర్ణము అంతగా పెరుగదు. ఇక పలుచని ప్రక్కగోడ మాటకు వచ్చినచో, 245/40 అను టైరునకు వెడల్పులో నూటికి నలువది వంతులు, అనగా 98 మిల్లీమీటర్ల గోడ యుండును. 30 అను సంఖ్యకు దిగిన అది 74 మిల్లీమీటర్లకు చిక్కును. వాన వెలిసిన మఱునాడు కేబుళ్లవారు త్రవ్వి పూడ్చని గోతిలో ఆ చక్రము పడినపుడు టైరు కడుపున బుడిపె లేచును, రిమ్ము పగులును. మలుపులలో అది మిగిల్చిన అర్ధక్షణమును రిమ్ము బాగుచేయువాని కొట్టు ముందర అర్ధదినముగా తిరిగి చెల్లింపవలసివచ్చును.

అంగడిలో జరుగు తంతు మఱియొకటి. అచ్చట రథికునకు నైట్రోజను వాయువును ప్రత్యేక మూల్యమునకు ఎక్కించి, ఆకుపచ్చని మూతలు బిగించి పంపుదురు. మనము ఉచితముగా పీల్చు గాలిలోనే నూటికి 78 వంతులు నైట్రోజనని ఇంజనీరింగు పట్టా గల రథికునకు తెలియకపోదు. కాని ఆకుపచ్చ మూత పట్టాను జయించినది. టైరు ప్రక్కభాగమున చిన్నదిగా చెక్కియుండు నాలుగంకెలను మాత్రము అతడు చూడడు. 2324 అని యున్న అది 2024వ సంవత్సరపు 23వ వారమున పుట్టిన టైరు. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము కార్ల టైర్ల దిగుమతికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన పిదప కొన్ని విదేశీ కొలతలు దొరకుటయే దుర్లభమైనది. అట్టి తరుణమున అటకపై ఏండ్లతరబడి తపస్సు చేసిన టైరు సిద్ధపురుషునివలె దిగివచ్చి కొత్త ధరకు అమ్ముడుపోవును. పెరుగు పొట్లముపై తేదీ చూడక కొననివాడు, ప్రాణమును మోయు టైరుపై తేదీ చూడకుండుట పరమవేదాంతము.

పక్షపాతము లేకుండ ఎదుటి శాఖను గూర్చియు చెప్పవలయును. కోటి రూపాయల కారునకు అంగడిలో నన్నిటికంటె చౌకయైన టైరు వేసి, మిగిలినదానితో స్పీకర్లు మార్చు లోభి యొకడు కలడు. బండికిని భూమికిని నడుమ గల సంబంధమంతయు ఆ నాలుగు అరచేతులే గనుక, వీని మూఢత్వము మొదటివానికి తీసిపోదు. రెండు టైర్లే కొనగలిగినపుడు కొత్తవాటిని ముందుకు వేసి అరిగినవాటిని వెనుకకు నెట్టుటయు వీని విద్యయే. తడిరోడ్డుపై వెనుకభాగము జారిన బండిని నిలువరించుట ముందుభాగము జారినదానికంటె కష్టము గనుక మంచి జత వెనుకనే యుండవలెను.

టైరు వ్యాపారులు మాత్రము అమాయకులు కారు. ఫ్రాన్సులోని మిషెలిన్ సోదరులు 1900లోనే కారు యజమానులకు ఒక మార్గదర్శిని ఉచితముగా పంచిరి: ఏ యూరిలో పెట్రోలు దొరకును, ఎచ్చట బస చేయవచ్చును మొదలైన వివరములతో. జనులు ఎక్కువగా తిరిగిన టైర్లు ఎక్కువగా అరుగునని వారి ఆశ. ఆ పుస్తకమే కాలక్రమమున భోజనశాలలకు నక్షత్రములిచ్చు నంతటి ప్రతిష్ఠ గడించినది. ఆదివారము ఉదయమున ఇడ్లీకై వంద కిలోమీటర్లు పోయి, ఇడ్లీ కంటె టైరు నెక్కువగా తిని వచ్చు మన రథికబృందమును చూడగలిగినచో ఆ సోదరులు తమ ఆశయము ఫలించెనని ఆనందించియుందురు.

నిజముగా ట్రాకుపై తోలు కోరిక గలవానికి మార్గము మూసియుండలేదు. చెన్నై సమీపమున ఇరుంగాట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను ట్రాకులు కలవు. ఆ టైర్లను వేఱుగా రిమ్ములకు తొడిగించి, అచ్చటికి చేర్పించి, అచ్చట మార్చుకొని, తన శౌర్యమును గడియారము ముందర నిరూపించుకొని, తిరిగి రోడ్డు టైర్లతో ఇంటికి రావచ్చును. అట్లు చేయువానికి నా నమస్కారము. అట్లు చేయక, ఒక దినమైనను ట్రాకు ముఖమెఱుగక, ఏడాది పొడవున ఆఫీసు పార్కింగులో ఆ టైర్లను ఎండబెట్టువానిని గూర్చియే ఈ శ్రమయంతయు.

కావున, స్పోర్ట్స్ కారు గల పాఠకులారా, మీ టైరును జులై నెలలో, రాత్రివేళ, గచ్చిబౌలి దగ్గర నీరు నిలిచినచోట, ఎదుట హఠాత్తుగా మోటారుసైకిలు అడ్డుపడిన క్షణమునకై ఎన్నుకొనుడు. కారు చేసినవారు విధించిన కొలతను, బరువు సంఖ్యను, వేగాక్షరమును మార్చకుడు. తడినేలపై బ్రేకు పరీక్షలో మేలని తేలిన రోడ్డు టైరునే కొనుడు. నాలుగంకెల తేదీ చదువుడు. డోరు ప్రక్కన అతికించిన చీటీలో నున్నంత గాలిని, బండి చల్లగా నున్నపుడు, నెలకొక మారైనను చూపించుడు. అట్లు మిగిలిన సొమ్ముతో ఒక మంచి గురువు నొద్ద బండి నడుపుట నేర్చుకొనుడు. ఆ కారులో ఇంతవఱకు మార్చక మిగిలిన భాగము చోదకుడొక్కడే.