మమ్ములను బొగ్గుగా పరిగణింపుడు

సికింద్రాబాదు రైల్ నిలయమున కొలువుతీరియున్న దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజరుగారి సముఖమునకు పాల్వంచ పురవాసి యొకడు సవినయముగా చేసికొను బహిరంగ విన్నపము.

అయ్యా,

1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నది మొదలు, మా సీమకు రైలు వచ్చినదన్నచో ముందుగా బొగ్గుకొఱకే వచ్చినదిగాని, పొట్టకూటికై తిరుగు మనుష్యులకొఱకు గాని, భద్రాచల రామునకు మ్రొక్కు చెల్లింప వచ్చు యాత్రికులకొఱకు గాని రాలేదను సత్యమును, నిష్ఠురమాడుటకై కాక, మా విన్నపమునకు ప్రాతిపదికగా మాత్రమే మనవి చేయుచున్నాను.

మీ దక్షిణ మధ్య రైల్వేయును, మా పాల్వంచలోని కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రమును 1966వ సంవత్సరముననే పుట్టిన కవలలు. ఆ కేంద్రపు ముంగిటికి బొగ్గు వ్యాగనులు రాత్రియనక పగలనక వచ్చుచున్నవి. ఆ బొగ్గును మండించి కరెంటు తీయు ఉద్యోగి మాత్రము, సికింద్రాబాదు బండి నెక్కవలెనన్న, బస్సునో ఆటోనో పట్టుకొని కొత్తగూడెము చేరి, భద్రాచలము రోడ్డు స్టేషనులో నిలువవలెను. (భద్రాచలము అచటికి సుమారు 40 కిలోమీటర్ల దూరమున, గోదావరి కావలిగట్టున నున్నదను వార్తను, దిగిన యాత్రికునకు ఆటోవారే మిక్కిలి దయతో తెలుపుదురు.)

ఇటీవల భద్రాచలము రోడ్డునుండి సత్తుపల్లి వఱకు 54 కిలోమీటర్ల క్రొత్తమార్గము సింగరేణి బొగ్గుసంస్థ ధనముతోడి భాగస్వామ్యమున వెలసినది; బొగ్గు దానిపై సుఖముగా ప్రయాణించుచున్నది. మల్కనగిరి నుండి భద్రాచలము మీదుగా పాండురంగాపురము వఱకు 173 కిలోమీటర్ల మార్గమునకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గ మామోదము తెలిపినది. సంతోషము. ఆ బండి కూతను మా మనుమలు తప్పక విందురు. మేము రేపు ఉదయము షిఫ్టునకు పోవలెను.

రాజధానివాసులకు 2003లోనే ఎం.ఎం.టి.ఎస్. అను లోకల్ బండ్లు లభించినవి. కొత్తగూడెము, పాల్వంచ, మణుగూరులను కలుపుచు అట్టి బండి యొకటి మాకును వేయుమని కోరుట సులభమే. కాని ప్రయాణికునివలన వ్యయములో సగటున 57 శాతమే రాబడి యగుచున్నదని టిక్కెట్టు మీదనే అచ్చువేసి, కూర్చుండకముందే మమ్ము ఋణగ్రస్తులను చేసిన మీకు మఱింత నష్టము తెచ్చిపెట్టుట మా అభిమతము కాదు. బొగ్గన్ననో లాభము. కావున మమ్ములను బొగ్గుగా పరిగణింపుడని ప్రార్థన. జి-1 మొదలు జి-17 వఱకు గల శ్రేణులలో మాకు కడపటిదైనను సమ్మతమే. వేసవిలో మా ఉష్ణశక్తిని పరీక్షించినయెడల శ్రేణి పెరుగుననియు నమ్మకము.

బొగ్గు తిరిగి రాదే, మీరు సాయంకాలము ఇల్లు చేరవలసినవారు గదా యని మీ వాణిజ్యశాఖవారు ఆక్షేపింపవచ్చును. దానికిని సమాధానము కలదు. దింపుడు ముగిసిన వ్యాగనులు ఖాళీగానే మరలిపోవుచున్నవి. వానిలో నిలుచుండి వత్తుము. పైకప్పు లేదను ఫిర్యాదు చేయము. పాసింజరు బండిలో కిటికీ కడ చోటు దొరకనివారమే గావున, ఆకాశమంతయు కనబడుట మాకు లాభమే.

తూకపు కాటా ఏ గంటకు తెఱచుదురో, టిఫిను క్యారియరు తూకమున చేరునో చేరదో తెలియజేయ ప్రార్థితులు.

ఇట్లు,
తమ విధేయుడు,
పాల్వంచ పురవాసి