సమాధానపడబోయే పెద్దాయన

1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చింది మొదలు మా వైపు మందిరాలు చాలానే లేచాయి. ఇలాంటి సంఘపెద్ద లేని మందిరం మాత్రం నాకు తగల్లేదు. తెల్ల లాల్చీ, చంకలో జిప్పు సంచీలో బైబిలు, జేబులో రెండు పెన్నులు. నీలంది తనకు నచ్చిన వాక్యాలకి, ఎర్రది ఎదుటివాళ్ళకి తగిలే వాక్యాలకి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనకీ ట్రెజరరుగారికీ సమాధాన కూటం. తగవు గుడ్ ఫ్రైడే నాటిది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలూ ఏడుగురికి పంచుతారు కదా, మొదటి మాట ట్రెజరరుగారికి వెళ్ళింది. ఈయనకి ఐదోది, దాహం మాట మిగిలింది. ఆ మొదటి మాట క్షమాపణ గురించి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

కూటానికి ముందు పెద్దాయన ఉపవాసం ఉంటున్నారు. సంగతి ఊరికి తెలియాలి గనక, కాఫీ ఇచ్చే ఇళ్ళకే పనిగట్టుకుని వెళ్ళి వద్దంటున్నారు.

మత్తయి పద్దెనిమిదో అధ్యాయం ఆయనకి కంఠతా వచ్చు. తప్పు చేసిన సహోదరుడితో ముందు ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి, సంఘం మాటా వినకపోతే సుంకరిగా ఎంచాలి. పెద్దాయన చివర్నుంచి మొదలుపెట్టారు. సుంకరి అనడం ఈస్టరుకి ముందే అయిపోయింది. కానుకల పెట్టె తాళం ట్రెజరరుగారి దగ్గరే ఉంటుంది గనక ఆ మాట బాగా అతికింది కూడా. సంఘానికి చెప్పడమూ అయింది, మైకులో, కళ్ళు మూసుకుని, ప్రార్థన పేరుతో. వెంటబెట్టుకెళ్ళడానికి బావమరుదులూ మేనల్లుళ్ళూ కలిసి ఎనిమిదిమంది తేలారు. ఒంటరిగా మాట్లాడటం ఒక్కటే మిగిలింది.

నలుసూ దూలమూ ఉన్న వాక్యం పక్కన ఖాళీలో ఎర్ర సిరాతో ట్రెజరరుగారి ఇంటిపేరు రాసుంది. దూలం వైపు.

"నా మనసులో ఏమీ లేదండి అయ్యగారూ," అంటారు పాస్టరుగారితో. ఉన్నదంతా నాలుగు పేజీల కాగితంలో ఉంది. విశ్వాసులు కోర్టుకెక్కకూడదని పౌలు కొరింథు సంఘానికి రాసింది చూపిస్తారు కూడా. ఆ కాగితం రాసిపెట్టింది ప్లీడరు గుమాస్తా.

"ముందు మీరే క్షమించమని అడిగితే పోలా?" అంది భార్య.

"అడుగుతానే. ఆయన అడగనీ."

మీరూ కూటానికి వెళ్తే మూడో బెంచీలో కూర్చోండి. మొదటి రెండూ మేనల్లుళ్ళకి.