హానా దారిలో నా మొనగాడితనం

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఈ సంగతి మా తోడల్లుడి చెవిన మాత్రం వెయ్యకండి. అసలు మూలమంతా ఆయన దగ్గరే ఉంది. పోయినేడాది ఆయన కుటుంబంతో హవాయి వెళ్లి, మావీ దీవిలో హానా దారి మీద కారు నడిపి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోవచ్చుగా! ‘హానా దారిలో బతికి బయటపడ్డాను’ అని ఇంగ్లీషులో రాసి ఉన్న టీషర్టు వేసుకుని, మా అత్తవారి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. దాని కింద మా మామగారు దణ్ణాలూ చప్పట్లూ వరసగా గుప్పించారు. నా ఫొటోలకి ఆయన ఒక్క బొటనవేలుకి మించి ఏనాడూ ఖర్చుపెట్టలేదు. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు పడితే ఒట్టు.

పొద్దున్నే లేచి, “పెళ్లిరోజుకి మావీ వెళ్దామా?” అన్నాను. ఇన్నాళ్లకి ఈ మనిషికి పెళ్లిరోజు గుర్తొచ్చిందని మా ఆవిడ మురిసిపోయింది. పిచ్చిది. నా మనసులో ఉన్నది ఆవిడా కాదు, సముద్రమూ కాదు. టీషర్టు.

హానా దారి గురించి కొంచెం చెప్పాలి. కహులుయి ఊరి నుంచి హానాకి 52 మైళ్లు, అంటే 84 కిలోమీటర్లు. ఏముందిలే, టీ తాగేలోపు వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. ఆ 52 మైళ్లలో సుమారు 620 మలుపులు, 59 వంతెనలు. ఆ వంతెనల్లో 46 ఒక్క బండి పట్టేంత వెడల్పువే. ఎందుకలా అంటే, ఈశాన్యం నుంచి వీచే గాలి తడి మేఘాల్ని తెచ్చి హలేఆకలా అగ్నిపర్వతానికి కొడుతుంది. అక్కడ కురిసిన వానంతా వాగులై కొండని లోయలు లోయలుగా కోసేసింది. రోడ్డేమో ప్రతి లోయలోకీ దూరి, వాగు దాటి, మళ్లీ కొండ కొమ్ము మీదకి బయటపడుతుంది. 1926లో కార్లకి తెరిచిన దారి ఇది. అప్పటి కార్ల వెడల్పు ఎంతో, చాలా వంతెనల వెడల్పు ఇప్పటికీ అంతే.

“టూరు వ్యాన్లుంటాయటండీ, హాయిగా కూర్చుని చూద్దాం” అంది మా ఆవిడ.

నాకు తల కొట్టేసినట్టయింది. “తిరుమల ఘాట్ రోడ్డు చూసినవాణ్ణి, శ్రీశైలం ఘాట్ చూసినవాణ్ణి, నాకు వ్యానేమిటి?” అన్నాను. అందులో అబద్ధం లేదు. రెండూ చూశాను, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి. నడిపింది డ్రైవరు గారు. నేను స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నది డాలస్‌లో. అక్కడ రోడ్డు ఎక్కితే, మళ్లీ చెయ్యి తిప్పాల్సింది మన ఇంటి సందు వచ్చాకే. డ్రైవింగ్ టెస్టు మా ఆవిడ ఒక్క దెబ్బకి పాసైంది. నా సంగతి అడక్కండి.

మనలో మన మాట, వంట రాదని చెప్పుకోవడానికి మనకి సిగ్గుండదు. లెక్కలు రావని కూడా చెప్పుకుంటాం. కారు సరిగ్గా నడపడం రాదని ఒప్పుకున్న మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూడలేదు. అద్దంలో కూడా చూడలేదు.

సరే, బుద్ధి గడ్డి తిన్నాక ఒక్క పరకతో ఆగుతుందా? ఎర్ర కారు తీసుకున్నాను, పైకప్పు తెరుచుకునేది. బయల్దేరకముందే ఆ టీషర్టు కూడా కొనేసి తొడుక్కున్నాను, బతికి బయటపడటం ఎలాగూ ఖాయం కదా అని. మలుపుల్లో కడుపులో తిప్పకుండా వేసుకోమని మా ఆవిడ మాత్రిస్తే, “నాకా!” అని నవ్వాను. హోకీపా తీరంలో కారాపి, అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు వెనక కనపడేలా, స్టీరింగు పట్టుకుని సెల్ఫీ దిగాను. ఈ సెల్ఫీని గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

మలుపులు మొదలయ్యాయి. మా ఆవిడ, “అదిగో జలపాతం! అబ్బ, ఆ చెట్టు చూడండి, బెరడు మీద అన్ని రంగులూ ఉన్నాయి!” అంటోంది. అవి ఇంద్రధనుస్సు యూకలిప్టస్ చెట్లట. నేను చూడలేదు. నేను చూసిందల్లా పసుపు గీత. హానా వెళ్లేటప్పుడు మన బండి కొండ వైపు ఉంటుంది, కాబట్టి జలపాతాలన్నీ పక్క సీటువాళ్ల సొత్తు. డ్రైవరు వాటాకి వచ్చేది ఎదురుగా వచ్చే కార్లు.

అంతలో వాన. కొండమీద వాన చెప్పి రాదు. కప్పు మూసే మీట ఎక్కడుందో నాకు తెలియదు. తెలిసినా బండి ఆపితే తప్ప మూసుకోదట. ఆపుదామంటే ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎక్కడా జానెడు జాగా లేదు. ఆగడానికి చోటు దొరికి, కనపడ్డవన్నీ నొక్కి ఎలాగో కప్పు మూసేసరికి సీట్లో నీళ్లు నిలిచాయి. అంతసేపూ మా ఆవిడ గొడుగు వేసుకుని కూర్చుంది. కదిలే కారులో గొడుగు వేసుకున్న మనిషిని ఎదురు బండ్లవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. ఆ దారిలో నా వల్ల జనానికి కలిగిన ఆనందం అదొక్కటే.

ఎందుకంటే నా వెనక బారులు తీరిన కార్లున్నాయి. “స్థానికులకి దారివ్వండి అని బోర్డులున్నాయండీ, కాస్త పక్కకి తియ్యండి” అంది. “నేను జాగ్రత్తగా నడుపుతున్నానని నమ్మి నా వెనక వస్తున్నారే!” అన్నాను. నిజంగానే అన్నాను. మనకది విహారం. హానాలో ఉండేవాళ్లకి పెద్ద బజారుకైనా, పెద్దాసుపత్రికైనా పోవడానికి రోజువారీ దారి అది. వాళ్లలో ఎంతమందికి ఆవేళ నా మూలాన పని చెడిందో దేవుడికే తెలియాలి.

కెఅనై దగ్గర దిగాం. నల్లటి లావా రాళ్ల మీద సముద్రం విరుచుకుపడుతోంది. ఇటు పక్కన మడులు కట్టి, నీళ్లు నిలిపి పెంచుతున్న పంట. చూస్తే చేమ! మనం పులుసు పెట్టుకునే చేమే. హవాయి వాళ్లకి అది ప్రధానాహారం, పైగా వాళ్ల పురాణంలో మనుషులందరికీ అన్న. పక్కనే 1860 నాటి రాతి చర్చి. 1946 ఏప్రిల్ 1న వచ్చిన సునామీకి ఊరంతా కొట్టుకుపోతే అదొక్కటే నిలబడిందట. మా ఆవిడ మడి గట్టు దగ్గర నిలబడి, ఆకు మీద దొర్లే నీటిబొట్టుని చూస్తూ ఉండిపోయింది. నేనేం చేశాను? గడియారం చూశాను. తోడల్లుడు ఎంతసేపట్లో హానా చేరాడో నాకు కంఠతా వచ్చు.

ఇక అసలు కథ. కెఅనై దాటాక మూడు పాయలుగా దూకే వైకానీ జలపాతం వస్తుంది. దాని ఎదుటే ఒంటి బండి వంతెన. అవతలివాడు ముందొస్తే మనం ఆగాలి, ఐదారు బండ్లు పోయాక మన వంతు, అదీ అక్కడి మర్యాద. “ఆగండి, ట్రక్కొస్తోంది” అంది మా ఆవిడ. “దూరంగా ఉందిలే” అన్నాను. దూరంగా లేదు. నేను వంతెన మధ్యకి వెళ్లేసరికి అదీ మధ్యకొచ్చింది, ముక్కూ ముక్కూ ఆనాయి, దాని వెనక నాలుగు కార్లు, నా వెనక నన్ను ‘నమ్మిన’ బారు, వెనక్కి తియ్యాలి, గేరు వేద్దామంటే చెయ్యి వైపర్‌కి తగిలింది, వైపర్లు టకటకా కొట్టుకున్నాయి, ఇంకోటి నొక్కితే కప్పు తెరుచుకుంది, మళ్లీ వాన, కంగారులో నాలోని హైదరాబాదీ నిద్రలేచాడు, హారన్ కొట్టాను. ఒకసారి కాదు. జలపాతం కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. హవాయిలో హారన్ కొట్టడమంటే పరాయివాళ్ల పెళ్లికెళ్లి తిట్లదండకం ఎత్తుకోవడమే.

ట్రక్కు తలుపు తెరుచుకుంది. ద్వారబంధం పట్టనంత మనిషి, పూల చొక్కా, హవాయి చెప్పులు, నింపాదిగా నడిచి వస్తున్నాడు. అయిపోయింది, నా టీషర్టు అబద్ధమైపోతోంది అనుకున్నాను. ఆయన వంగి, నన్నూ, టీషర్టునీ, నా పక్కన గొడుగునీ చూసి, చల్లగా నవ్వి, “అంకుల్, స్టీరింగు ఆంటీకివ్వండి” అన్నాడు.

హవాయిలో పెద్దవాళ్లని గౌరవంగా అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. అది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం, ఆ మనిషి నా ఈడువాడే అన్నదొక్కటే తలలో గిర్రున తిరిగింది. తిట్టినా బాగుండేది.

మా ఆవిడ మారు మాట్లాడకుండా దిగింది. వెనక కార్లవాళ్ల దగ్గరికి వెళ్లి రెండు మాటలు చెప్పి నవ్వితే, వాళ్లూ నవ్వి వెనక్కి జరిగారు. వచ్చి స్టీరింగు దగ్గర కూర్చుంది, కప్పు మూసింది (మీట ఎక్కడుందో ఆవిడకి మొదట్నించీ తెలుసట, నేనడగలేదట), దారం తీసినట్టు కారుని వెనక్కి తీసింది. నేను? వానలో తడుస్తూ వెనక నిలబడి, “రైట్, రైట్, రానీయ్” అంటూ కండక్టరు పని చేశాను. ఘాట్ రోడ్డు అనుభవం మొత్తానికి అక్కరకొచ్చింది. ట్రక్కాయన పోతూ పోతూ బొటనవేలూ చిటికెనవేలూ చాపి షాకా చూపించాడు. మా ఆవిడా తిరిగి చూపించింది. నాకు ఎవరూ ఏమీ చూపించలేదు.

అక్కణ్ణించి ఆవిడే నడిపింది. వెనక బండి కనిపిస్తే పక్కకి తీస్తుంది, వాళ్లు చెయ్యి ఊపుతారు, ఈవిడా ఊపుతుంది. ఇంత సులువైన పని నాకెందుకు తట్టలేదో! వైఆనపనప పార్కులో నల్ల ఇసుక తీరం చూశాం. హవాయివాళ్లు కానివాళ్లు ముందుగా బుక్ చేసుకుంటే తప్ప రానివ్వరు. “బీచికి టికెట్టేమిటి, నాన్సెన్స్” అని నేనంటే, ఆవిడ నాకు చెప్పకుండా చేసేసింది. హానా ఎలా ఉంటుందంటారా? పట్టుమని రెండు వేలమంది లేని నిమ్మళమైన ఊరు. నాకు హారతి పట్టడానికి ఎవరూ రాలేదు.

ఊరు దాటి కిపహులు వెళ్తే చార్లెస్ లిండ్‌బర్గ్ సమాధి ఉంది. 1927లో అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ముప్ఫైమూడున్నర గంటలు విమానం నడిపినవాడు. కాస్త పరువు కూడదీసుకుందామని, “చూశావా, పక్కన సలహాలిచ్చేవాళ్లు లేకపోతే మగాడు ఎంత దూరమైనా పోతాడు” అన్నాను.

“ఆయనకి ఎదురుగా ఎవరూ రాలేదు కదండీ” అంది.

తిరుగుదారిలో పక్క సీటు సముద్రం వైపు ఉంటుంది, కిటికీలోంచి వంగితే లోయే. అప్పుడు చూశాను ఆ దారిని. కొండవాలంతా మొగలి పొదలు, జామచెట్లు, కింద నురగలు కక్కే నీలం. ఎంత బాగుందంటే... ఆ మాట పూర్తి చెయ్యలేదు. స్టీరింగు పట్టుకున్నవాడికి తిప్పదు, పక్కన కూర్చున్నవాడికి తిప్పుతుంది. ఆ మాత్ర ఇంకొకటి ఉందా అని అడిగాను. ఉంది. దానికి కూడా ఆవిడ నవ్వలేదు, అదే నాకు ఎక్కువ మంటెక్కించింది.

ఇంత జరిగాక మనిషన్నవాడు మారాలి కదా! ఆ రాత్రి హోటలు గదిలో పడుకుని, పొద్దున హోకీపాలో దిగిన సెల్ఫీ తీసి, ‘620 మలుపులు, ఒక్క డ్రైవరు’ అని రాసి గ్రూపులో పెట్టాను. రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు, డ్రైవరు ఒక్కరే అనుకోవచ్చు, ఎవరన్నది నేను రాయలేదు. మామగారు దణ్ణాలు పెట్టారు. తోడల్లుడు ‘వెల్‌డన్’ అన్నాడు. పక్క మంచం మీద మా ఆవిడ ఫోను మోగింది, చూసింది, తనూ ఒక బొటనవేలు పెట్టి దీపం ఆర్పేసింది. ఆ బొటనవేలు ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మీరెప్పుడైనా హానాకి వెళ్తే పొద్దున ఏడు లోపే బయల్దేరండి, పెట్రోలు పాయీయా ఊళ్లోనే నింపుకోండి, మళ్లీ హానా దాకా బంకు లేదు. వెనక స్థానికుల బండి కనిపిస్తే పక్కకి తప్పుకోండి. ఇక స్టీరింగు విషయం. మీ ఇద్దరిలో ఎవరు బాగా నడుపుతారో మీకూ తెలుసు, మీ ఆవిడకీ తెలుసు. పార్కింగులోనే ఇచ్చెయ్యండి. వంతెన మీద ఇస్తే చూసేవాళ్లెక్కువ.