కొండ సైకిలు మాస్టారు

కోనసీమలో కొండ లేదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి, దాని మీద వరిచేలు, కొబ్బరితోటలు, వాటి మధ్య మనం. ఇక్కడ ఎత్తంటే వంతెనే. బోడసకుర్రు దగ్గర వైనతేయ పాయ మీద ఒకటి, దిండి దగ్గర వసిష్ఠ మీద ఒకటి, ఎదుర్లంక దగ్గర గౌతమి మీద ఒకటి. అంతకు మించిన ఎత్తు కావాలంటే కొబ్బరి చెట్టెక్కాలి. అలాంటి సీమలో మౌంటెన్ బైకు కొన్న పెద్దమనిషి ఊరికొకరు తయారయ్యారు. అమలాపురంలో ఉన్నారు, రాజోలులో ఉన్నారు. కొత్తపేటలో ఇద్దరున్నారు గానీ, టైర్ల విషయంలో మాటపట్టింపొచ్చి మాట్లాడుకోవడం లేదు.

ఈయన్ని మాస్టారు అందాం. బళ్ళోనే పనిచేయక్కర్లేదు. బ్యాంకులో ఉండొచ్చు, కరెంటాఫీసులో ఉండొచ్చు. అడక్కుండానే పాఠం మొదలెడతారు గనక ఆ బిరుదు చెల్లుతుంది. వయసు యాభైకి కాస్త అటూ ఇటూ. షుగరొచ్చింది, డాక్టరు నడవమన్నాడు. నడిస్తే పలకరింపులకే పొద్దెక్కుతోందని సైకిలు కొన్నారు. ముందు షాకబ్జార్లు, ఇరవయ్యొక్క గేర్లు, ఒళ్ళంతా బుడిపెలున్న లావుపాటి టైర్లు. గేర్లలో రోజూ వాడేది ఒకటి. మిగిలిన ఇరవై వంతెన కోసం దాచారు.

మాస్టారి కంటే ముందు ఆయన చప్పుడొస్తుంది. సిమెంటు రోడ్డెక్కగానే టైర్లు బర్ర్‌మంటాయి. ఆ చప్పుడు వినపడగానే తెలిసినవాళ్ళు చల్లగా సందులోకి తప్పుకుంటారు. ఆయన కష్టమంతా ఆ చప్పుడులోనే ఉంది. బుడిపె మెత్తటి నేలలో దిగి పట్టుకోవడానికి పుట్టింది. తారులో దిగలేదు, అందుకని వంగుతుంది. చక్రం తిరిగినంతసేపూ ఒక్కొక్క బుడిపె వంగి లేస్తుంటే, ఆ కూలంతా తొక్కేవాడి తొడలిచ్చుకోవాలి.

ఒకరోజు అంబాజీపేట రోడ్డులో ఆ కూలి ఇచ్చుకుంటూ మాస్టారు ఆయాసపడుతున్నారు. వెనకనుంచి కొబ్బరి దింపు తీసే పెద్దాయన పాత సైకిలు మీద, అటూ ఇటూ కాయలు వేలాడేసుకుని వచ్చి, "ఏవండీ మాస్టారూ, గాలి లేదేటండీ?" అని పరామర్శించి దాటిపోయాడు. అడిగినవాడిలో వెటకారం లేదు. నిజంగానే పంచరనుకున్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి నుంచి టైర్ల పరిశోధన మొదలైంది. పరిశోధన అంటే మాస్టారికి మూలం నుంచి రావాలి. అమలాపురం గడియారస్తంభం సెంటర్లో టీ తాగుతున్నవాడి భుజం పట్టుకుని, "అసలు ఈ మౌంటెన్ బైకు ఎక్కడ పుట్టిందో తెలుసునా?" అంటారు. తెలీదనడమే పాపం. "కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ. కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళేసుకుని కొండ మీంచి కిందకి పందెం వేసుకున్నారు. మొదటి పందెం 1976 అక్టోబరు 21న. దిగేసరికి వెనక బ్రేకు వేడికి హబ్బులో గ్రీజు మాడి పొగలొచ్చేది. దిగినప్పుడల్లా కొత్త గ్రీజు కూరాలి. ఆ లావు టైరు మాత్రం ఇంకా పాతది, ష్విన్ కంపెనీ 1933లో తెచ్చింది." టీ తాగేవాడు అంతా విని, "అయితే మాస్టారూ, మనకి గ్రీజు మాడేంత దిగుడెక్కడుందండీ?" అంటాడు. మాస్టారు ఆ ప్రశ్నని సిలబస్‌లో లేనిదిగా పరిగణిస్తారు.

తరవాతి ఘట్టం కొలతలు. తారు మీద నున్నటి టైరు వేస్తే హాయిగా పోతుందని తేలాక, కొట్టుకెళ్ళి "26 నున్న టైరు" అడిగారు. కుర్రాడు ఇచ్చాడు. ఇంటికొచ్చి ఎక్కిస్తే టైరు రిమ్ము చుట్టూ గాజులా తిరిగింది. కుర్రాడి తప్పేమీ లేదు. ఆడపిల్లల సైకిళ్ళకొచ్చే 26 × 1⅜ టైరు రిమ్ము మీద కూర్చునే చోట వ్యాసం 590 మిల్లీమీటర్లు. మౌంటెన్ బైకు 26 టైరుకి అదే వ్యాసం 559. పేరొకటే, తేడా 31 మిల్లీమీటర్లు. అందుకే అసలు కొలత టైరు పక్కగోడ మీద చిన్న అక్షరాల్లో 47-559 అన్నట్టు వేస్తారు. మొదటిది వెడల్పు, రెండోది ఈ వ్యాసం. ఇది తెలిసిన మాస్టారికి పట్టపగ్గాల్లేవు. మన నాన్నల కాలం నాటి పెద్ద సైకిలుది 28 × 1½, వ్యాసం 635. ఇప్పుడు 29 అని గొప్పగా అమ్మే మౌంటెన్ బైకుది 622. అంటే ఇరవై ఎనిమిది కంటే ఇరవై తొమ్మిది చిన్నది! ఈ సంగతి ఆయన చెప్పని పెళ్ళి పందిరి లేదు. ఒక పెళ్ళిలో పూతరేకు చేతిలో ఉన్నవాడికి చెబుతుంటే, రేకు మెత్తబడిపోయింది గానీ లెక్క మాత్రం తెగలేదు.

ఇంక రకాల ఎంపిక. పూర్తిగా నున్నదా? నడుమ నున్నగా ఉండి అంచున బుడిపెలున్న రాజీ టైరా? ముందు బుడిపెలు, వెనక నున్నదా? వెడల్పు 1.5 అంగుళాలా, 1.75నా? ఆర్నెల్లు ఆలోచన. వాళ్ళావిడ విసిగి, "ఏవండీ, అమ్మాయి సంబంధానిక్కూడా ఇంత వాకబు చెయ్యలేదండీ మీరు" అంది. "అల్లుడు జారితే పట్టుకోవచ్చే, వానలో టైరు జారితే?" అన్నారీయన.

ఆ వాన భయమొకటి పట్టుకుంది. కారు టైరు అరిగితే నీళ్ళ మీద తేలి జారుతుందని విన్నారు. మరి గీతల్లేని టైరు వేసుకుంటే సైకిలూ తేలదా? తేలదు. కారు టైరు వెడల్పుగా, బల్లపరుపుగా నేలనానుతుంది. సైకిలు టైరు సన్నం, గుండ్రం, గాలి గట్టిగా ఉంటుంది. నీటిని కోసుకుంటూ పోతుంది. అరవై పీఎస్‌ఐ గాలున్న టైరు నీళ్ళ మీద తేలాలంటే గంటకి వంద కిలోమీటర్లు దాటి పోవాలి. మాస్టారు పదిహేను దాటిన దాఖలా లేదు. మన దగ్గర వానలో జారేది వేరే ఉంది. కాలవగట్టు మీద బంకమట్టి, సిమెంటు రోడ్డు అంచున పట్టిన పాకుడు. ఆ మట్టిలో నాలుగు గజాలు పోయేసరికి బుడిపెల సందులన్నీ నిండి అదీ నున్న టైరే అవుతుంది. ఆపైన మడ్‌గార్డు పట్టేస్తుంది. అక్కణ్ణించి సైకిలు మన భుజమెక్కుతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళారు. పదకొండూళ్ళ రుద్రులు ప్రభల మీద కొలువుదీరే చోటు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది నీళ్ళలో దిగి దాటుతుంటే జనమంతా 'అశ్శరభ శరభ' అని కేకలేస్తున్నారు. మాస్టారి చూపు మాత్రం మోసేవాళ్ళ పాదాల మీద. "చూశావట్రా, బురదలో వేళ్ళెలా విచ్చుకుని నేలని పట్టాయో! బుడిపె పని అదే. సిమెంటు మీద వేళ్ళు విచ్చుకుని లాభమేంటి?" అన్నారు పక్కనున్న మేనల్లుడితో. వాడు దణ్ణం పెట్టాడు. ప్రభకో, మావయ్యకో చెప్పలేదు.

చివరికి 26 × 1.75, పంచరు కాకుండా లోపల పట్టీ ఉన్న నున్న టైర్లు తెప్పించారు. బిగించిన పంచరు షాపాయనకి టైరు గొప్పలన్నీ చెప్పారు. ఆయన నీళ్ళ తొట్లో ట్యూబు ముంచి బుడగలు చూస్తూ, "మంచిదేనండి. కానీ మాస్టారూ, పల్లేరు కాయకి కంపెనీ పేరు చదవడం రాదండి" అన్నాడు. ఆయన మాటలో సత్యముంది. ఇసక దారుల పక్కన పల్లేరు ఉన్నంతకాలం ఆయన దుకాణమూ ఉంటుంది. పట్టీ ఉన్న టైరైతే అక్కడికి వెళ్ళడం తగ్గుతుంది, అంతే.

ఊరు మాత్రం జాలిపడింది. కొత్త సైకిలుకి నున్నటి టైర్లేంటని అడిగి, డబ్బు పెట్టి కొన్నారని తెలిసి, "అయ్యో, ముందు చెప్తే మా బండివి అరిగిపోయినవి ఊరికే ఇద్దునండీ" అన్నవాళ్ళు ముగ్గురు.

ఇప్పుడు మాస్టారు హాయిగా పోతున్నారు. ఆయాసం తగ్గింది. దింపు పెద్దాయనతో పక్కపక్కనే మాట్లాడుకుంటూ ఎర్రవంతెన దాకా వెళ్తున్నారు. కష్టమొచ్చింది మనకే. నున్న టైరుకి చప్పుడుండదు. ఆయన వెనకనుంచి వచ్చి భుజం మీద చెయ్యేసేదాకా తెలీదు, ఆపైన సందులోకి దూరే వ్యవధి లేదు.

కాబట్టి ఆయనకి దొరక్కముందే తెలుసుకుని ఉంచుకోండి. మీరు రోజూ వెళ్ళేది తారు రోడ్డు, సిమెంటు రోడ్డు అయితే బుడిపెలు దండగ. నున్న టైరు వేయించుకోండి. రోడ్డు బాగుంటే 1.5, గోతులుంటే 1.75. కొనేముందు పాత టైరు పక్కగోడ మీద అంకె చూసి అదే వ్యాసం అడగండి. గాలి అక్కడ రాసిన హద్దు దాటనివ్వకండి. రోజూ వెళ్ళేది మట్టి గట్టయితే ఉన్న టైరు మార్చకండి. ఇంకా అనుమానముంటే పంచరు షాపులో అడగండి. మాస్టారినే అడుగుతామంటే మీ ఇష్టం, కానీ ఆ పూట భోజనం వాళ్ళింట్లోనేనని మీ ఇంట్లో చెప్పి వెళ్ళండి.