ముందు గోడ జరపండి, ఆ తర్వాతే ఈక్వలైజర్

కొత్త స్పీకర్లు ఇంటికొచ్చిన నాలుగు రోజులకే మన కలిదిండిలో వినపడే మాట ఒకటే: "బేస్ గుంయ్‌మంటోందండీ, నాసిరకం అంటగట్టారు." స్పీకరుదేం తప్పు లేదు. తప్పు హాలుది. పన్నెండడుగుల చదరపు హాల్లో 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోతుంది. పొడవూ వెడల్పూ ఒకటే కావడంతో రెండు వైపుల నుంచీ అదే స్వరం పోగవుతుంది.

అందుకే ముందు గోడ జరపండి. పక్కగది వైపు మూడడుగులు అవతలికి కట్టిస్తే పొడవుది 37కి దిగుతుంది, వెడల్పుది 47లోనే ఉంటుంది. స్లాబు మోసే గోడైతే ఇంజనీరుకి చూపించాకే సమ్మెట ఎత్తండి. పక్కగదిలో మంచం పట్టకపోతే వరండాలో వేసుకోండి.

వెనక గోడకి ఆనించిన సోఫా తీసేయండి. గోడ పక్కన బేస్ ఉబ్బుతుంది, సరిగ్గా గది నడిమధ్యలో ఆ స్వరమే మాయమవుతుంది. వెనక గోడ నుంచి మూడో వంతు దూరంలో ఒక్క కుర్చీ వేయండి. చుట్టాలొస్తే పాటయ్యేదాకా అరుగు మీద కూర్చుంటారు.

కర్టెన్లు, అంగుళం ఫోమ్ పై స్వరాలనే మింగుతాయి. 47 హెర్ట్జ్ అలలో నాలుగో వంతే ఆరడుగులుంటుంది! కనీసం మూడడుగుల మందాన, వెనక మూలల్లో నేల నుంచి స్లాబు దాకా ఎండుగడ్డి మోపులు పేర్చండి. చేపల చెరువులొచ్చాక మన దగ్గర గడ్డి కరువు కాబట్టి, తాడేపల్లిగూడెం వైపు దాళ్వా కోతలవగానే ట్రాక్టరు మాట్లాడుకోండి. బాగా ఎండబెట్టి, పైన గోనెపట్టా కుట్టండి. దేవుడి దీపం ఆ గదిలో వద్దు.

గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల పాటలే మీ ప్రాణమైతే రెండో స్పీకరు అమ్మేయండి. 1957 నాటి 'మాయాబజార్' పాటలు మోనోలోనే రికార్డయ్యాయి. ఒకే గొంతు రెండు చోట్ల నుంచి వస్తే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

రాత్రి వినకండి. చీకటి పడ్డాక చెరువు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు ఆపితే రొయ్య చచ్చిపోతుంది. ఆ హోరులో మీరు చేసిన పనంతా వృథా. మధ్యాహ్నం, ఫ్యాన్ కట్టేసి వినండి. చెమట పట్టినా సరే.

ఇప్పుడు ఈక్వలైజర్ ముట్టుకోండి, అదీ తగ్గించడానికే. మాయమైన స్వరాన్ని పెంచి రప్పించలేరు: 10 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫయర్ పది రెట్లు పవర్ ఇవ్వాలి, ఊఫర్ కాయిల్ కాలుతుంది. గోడ పని ఈ వేసవిలోనే మొదలుపెట్టండి, వానలొస్తే గడ్డి తడిసిపోతుంది.